ఇల్లు, ఇంటి స్థలం క్రయవిక్రయాల్లో న్యాయవాది: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు

ఇల్లుగానీ ఇంటి స్థలంగానీ చేతులు మారేటప్పుడు హక్కు పత్రాలు పరిశీలించడానికి, ఒప్పందం రాయడానికి, రిజిస్ట్రేషన్ పూర్తయ్యేదాకా సలహా చెప్పడానికి కొనేవారో అమ్మేవారో న్యాయవాదిని పెట్టుకోవడం చాలా దేశాల్లో రివాజు. భారతదేశంలో ఇది చట్టం విధించిన నియమం కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ ముందు హాజరు కావలసింది దస్తావేజు రాసిచ్చినవారు, రాయించుకున్నవారు, గుర్తించే సాక్షులు. ఫొటోలు, వేలిముద్రలు కావాలి, వకీలు అక్కర్లేదు. 2016 అక్టోబరు 11న ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో ఇళ్ల బేరాలు చాలావరకు మధ్యవర్తి మాట మీద, డాక్యుమెంట్ రైటర్ చేతి మీదుగా నడుస్తాయి. వకీలు గడప తొక్కేది తగాదా మొదలయ్యాకే. కానీ ఈ మూడు జిల్లాల భూముల చరిత్ర, వాటికి వర్తించే చట్టాలు తెలిసినవారెవరైనా చెప్పే మాట ఒక్కటే: వకీలుతో పని పడేది బయానా ఇవ్వకముందు.

రిజిస్ట్రేషన్ వేరు, హక్కు వేరు

ఆస్తి బదిలీ చట్టం (1882) 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజుతోనే జరగాలి. ఇది అందరికీ తెలిసిందే. అయితే రిజిస్ట్రేషన్ శాఖ దస్తావేజును నమోదు చేస్తుందే తప్ప, అమ్మినవారికి ఆ ఇంటి మీద హక్కు ఉందని పూచీ పడదు. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు, ఎన్ని స్టాంపులు వేసినా సరే. తమిళనాడు రిజిస్ట్రేషన్ నియమాల్లో ఒకదాన్ని 2025 ఏప్రిల్‌లో కొట్టివేస్తూ సుప్రీంకోర్టు ఈ సంగతే స్పష్టం చేసింది. అమ్మేవారికి హక్కు ఉందో లేదో తేల్చడం సబ్ రిజిస్ట్రార్ పని కాదని చెప్పింది.

ప్రభుత్వమే హక్కుకు హామీ ఇచ్చే పద్ధతి లోకంలో లేకపోలేదు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్ ప్రవేశపెట్టిన విధానంలో సర్కారు రిజిస్టరులో పేరున్నవారే యజమాని. ఇంగ్లండులో సాధారణంగా సొలిసిటర్‌గానీ, ఈ పనికే లైసెన్సు పొందిన కన్వేయన్సర్‌గానీ కాగితాలు చూస్తారు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో న్యాయవాది చేతి మీదుగా, మరికొన్నింటిలో హక్కు బీమా కంపెనీల ద్వారా ఈ పని జరుగుతుంది. మన దగ్గర ప్రభుత్వ హామీ లేదు, సామాన్యుడికి బీమా అలవాటూ లేదు. లోపం ఉంటే ఆ బరువంతా కొన్నవాడి నెత్తినే పడుతుంది.

డాక్యుమెంట్ రైటర్ చేసే పని చిన్నదేమీ కాదు. స్లాటు, చలానా, స్టాంపు లెక్క, హద్దుల వివరం, సాక్షుల సంతకాలు అన్నీ ఆయనే చూస్తాడు. ఇరుపక్షాలకూ మధ్య మనిషిగా ఉంటాడు కాబట్టే ఇద్దరూ ఆయన్ని నమ్ముతారు. అయితే ఆయన రాసేది తన ముందు పెట్టిన కాగితాలను బట్టి. ముందు పెట్టని కాగితం ఏదో, దాన్ని ఎందుకు పెట్టలేదో అడగాల్సిన బాధ్యత ఆయనకు లేదు. వకీలు పని సరిగ్గా అక్కడ మొదలవుతుంది. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు సుంకం 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం, మొత్తం 7.5 శాతం ప్రభుత్వానికి కట్టాలి. మధ్యవర్తి కమీషన్ దీనికి అదనం. ఇన్ని ఖర్చులు పెట్టుకునేవారు కాగితాలు చదివి చెప్పే మనిషికి ఇవ్వాల్సిన ఫీజు దగ్గర వెనకాడడం సరికాదు.

జనగామ: పాత పహాణీలు, కొత్త వెంచర్లు

జనగామ ప్రాంతంలో భూమి కోసం కోర్టు మెట్లెక్కడం ఇవాళ్టిది కాదు. నైజాం కాలంలో ఈ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకుంటున్న భూమిని కాజేయడానికి విసునూరు దేశ్‌ముఖ్ చేసిన ప్రయత్నం తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో తొలి ఘట్టాల్లో ఒకటి. కడవెండిలో దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న ప్రాణాలు కోల్పోయింది ఈ దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లోనే. ఐలమ్మ పక్షాన కోర్టులో నిలబడిన న్యాయవాదిగా కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆంధ్ర మహాసభ సంఘం అండతో పాటు వకీలు అండ కూడా ఐలమ్మ పంట నిలబడడానికి తోడ్పడింది.

ఆ పోరాట కాలంలోనూ, ఆ తర్వాతా వచ్చిన చట్టాలే నేటి కాగితాల్లో కనిపిస్తాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. 1954-55లో ఖాస్రా పహాణీ తయారైంది. 1955లో ఇనాముల రద్దు చట్టం చేశారు. పట్టణం పెరిగి శివారు పొలాలు ప్లాట్లయిన చోట వకీలు ఖాస్రా పహాణీ నుంచి మొదలుపెట్టి పట్టాదారు పేరు, అనుభవదారు పేరు వరసగా చూసుకుంటూ వస్తాడు. పాత పహాణీలో రక్షిత కౌలుదారు పేరు కనబడితే, కౌలుదారీ చట్టం 38-ఇ సెక్షన్ కింద ఆ కుటుంబానికి యాజమాన్య పత్రం ఇచ్చారా అని వాకబు చేయాలి. ఇనాము భూమి అయితే ఆర్డీవో ఇచ్చిన స్వాధీన హక్కు పత్రం, వాడుకలో ఓఆర్సీ, ఉండాలి. ఇవేవీ ప్లాటు దస్తావేజులో కనబడవు. యాభై, అరవై ఏళ్ల తర్వాత కౌలుదారు మనవలు వచ్చి నిలబడినప్పుడు బయటపడతాయి.

తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోళ్లు, అంటే సాదాబైనామాలు, మరో పెద్ద చిక్కు. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేకో, పెద్దమనుషుల మాట మీద గౌరవంతోనో పల్లెల్లో దశాబ్దాల పాటు వ్యవసాయ భూములు ఇలాగే చేతులు మారాయి. 1971 నాటి హక్కుల రికార్డు చట్టంలోని 5-ఏ సెక్షన్ వీటిని క్రమబద్ధం చేయడానికి దారి చూపింది. ఆ చట్టం స్థానంలో 2020లో కొత్త చట్టం, ధరణి పోర్టల్ వచ్చాయి. వాటి స్థానంలో భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉంది. ధరణి కాలంలో లేకుండా పోయిన అప్పీళ్ల వరస భూభారతిలో తిరిగి వచ్చింది. సాదాబైనామా మీద ఆధారపడి ఇంటి స్థలం అమ్ముతామన్నవారి దగ్గర, దాని మీద క్రమబద్ధీకరణ ఉత్తర్వు వచ్చిందా, పేరు మారిందా అన్నది చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకూడదు. దరఖాస్తు పెట్టుకున్న రసీదు హక్కు పత్రం కాదు.

హైదరాబాదు-వరంగల్ జాతీయ రహదారి వెంట జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ వైపు వెంచర్లు వెలిశాయి. ఇక్కడ చూడాల్సినవి వేరే. పొలాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చారా? ఆ మార్పిడికి ఇచ్చే నాలా ఉత్తర్వు ఉందా? లేఅవుట్‌కు అధికారిక అనుమతి ఉందా? జిల్లాలోని కొన్ని గ్రామాలు కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వస్తాయి కాబట్టి అనుమతి ఇచ్చింది ఎవరు, ఇవ్వాల్సింది ఎవరు అన్న తేడా కూడా చూడాలి. స్థలం 500 చదరపు మీటర్లు మించినా, ఎనిమిది యూనిట్లు దాటినా ప్రాజెక్టు స్థిరాస్తి నియంత్రణ సంస్థ (రెరా)లో నమోదు కావాలి. నమోదైన ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి వసూలు చేయడానికి నిర్మాణదారుకు వీల్లేదు. అనుమతి లేని ప్లాట్లకు 2020 ఆగస్టు 31న లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 26 దాకా జరిగిన రిజిస్ట్రేషన్లే దానికి ప్రాతిపదిక. వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టిన కాగితాన్ని ‘ఎల్ఆర్ఎస్ ఉంది’ అని చూపించేవారు ఎక్కువ. చూడాల్సింది క్రమబద్ధీకరణ ఉత్తర్వు. ఇక ఫామ్ ప్లాట్ల పేరుతో గుంటల లెక్కన అమ్మే పొలాలు తహసీల్దారు దగ్గర రిజిస్టరవుతాయి, పాసుపుస్తకం కూడా రావచ్చు. అక్కడ ఇల్లు కట్టుకోవడానికి మాత్రం ఆ పాసుపుస్తకం అనుమతి కాదు.

మహబూబాబాద్: ఏజెన్సీ హద్దు ఎక్కడ మొదలవుతుంది

మహబూబాబాద్ జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. కొత్తగూడ, గంగారం, బయ్యారం వంటి మండలాల్లో రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన గ్రామాలు, వాడుకలో ఏజెన్సీ గ్రామాలు, ఉన్నాయి. అక్కడ 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు వర్తిస్తాయి. తెలంగాణ ప్రాంతానికి వీటిని 1963లో విస్తరించారు, 1970లో చేసిన సవరణతో 1/70 చట్టం అన్న పేరు స్థిరపడింది. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది.

ఈ చట్టం గురించి ఊళ్లలో సగమే తెలుసు. గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనకూడదన్నది ఆ సగం. మిగతా సగమే ప్రమాదకరం: షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి స్థిరాస్తిని మరో గిరిజనేతరుడు కొన్నా ఆ బదిలీ చెల్లదు. స్థిరాస్తి అంటే పొలం ఒక్కటే కాదు, ఇల్లు, ఇంటి స్థలం కూడా. గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందేనని చట్టం ముందుగా భావిస్తుంది, కాదని రుజువు చేసుకునే భారం స్వాధీనంలో ఉన్నవారిది. వారసత్వంగా రావడానికి అడ్డు లేదు, అమ్మడానికే అడ్డు. గిరిజనులు గిరిజనులకు అమ్ముకోవచ్చు, గిరిజనుల సహకార సంఘానికి ఇవ్వవచ్చు.

అందుచేత బజారు పక్కన, ముందు దుకాణం ఉన్న ఇల్లు కాగితాల మీద ఎంత శుభ్రంగా కనబడినా, ఊరి పేరు షెడ్యూల్డ్ గ్రామాల జాబితాలో ఉంటే గిరిజనేతరుడి కొనుగోలు నిలబడదు. ఇక్కడ వకీలు మొదట చూసేది దస్తావేజు కాదు, గ్రామం పేరు. రెవెన్యూ గ్రామం ఏది, శివారు పల్లె ఏది, ఒకే మండలంలో ఏ ఊరు లోపల, ఏ ఊరు బయట అన్నది ఊహ మీద చెప్పేది కాదు. ఆ మండలాలు పాత ఖమ్మం జిల్లా నుంచి వచ్చాయా, వరంగల్ నుంచి వచ్చాయా అన్నదాన్ని బట్టి వెతకాల్సిన పాత రికార్డు కూడా మారుతుంది. 1/70 ఉల్లంఘన కేసులను గిరిజన సంక్షేమ విభాగం స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ విచారిస్తారు. మామూలు సివిల్ దావాలు నడిపే వకీళ్లందరికీ ఈ కేసుల అనుభవం ఉండదు, కాబట్టి ఆ అనుభవం ఉన్నవారినే వెతుక్కోవాలి.

తండాల్లో, గూడేల్లో వారసత్వం లెక్క కూడా వేరు. హిందూ వారసత్వ చట్టం 2వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించదు, వారి ఆచారమే ప్రమాణం. ఆచారం ఆడపిల్లలకు వాటా లేదంటుందని గట్టిగా రుజువైతే తప్ప గిరిజన స్త్రీకి సమాన వాటా నిరాకరించలేమని 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంటే ఇక్కడ కూడా అక్కచెల్లెళ్ల సంతకాలు లేకుండా అన్నదమ్ములు అమ్మే ఇల్లు రేపు వివాదంలో పడగలదు.

భూపాలపల్లి: బొగ్గు, అడవి, భూసేకరణ

భూపాలపల్లి పట్టణాన్ని పెంచింది సింగరేణి గనులు, చెల్పూరు దగ్గరి కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. గోదావరి వైపు మేడిగడ్డ, అన్నారం బ్యారేజీలు వచ్చాయి. గనులకు, ఓపెన్ కాస్టులకు, కాలువలకు భూమి సేకరించిన చోట ఇల్లు కొనేవారు కలెక్టరేట్‌లో భూసేకరణ విభాగాన్ని ఆరా తీయాలి. 2013 నాటి భూసేకరణ చట్టం కింద ప్రాథమిక ప్రకటన వెలువడ్డాక ఆ భూమి మీద లావాదేవీలు చేయకూడదు. ఈ జిల్లాలో అటవీ భూమి విస్తారం. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మకానికి పనికిరాదు. ప్రభుత్వం పేదలకిచ్చిన భూములు, వాటి మీద వెలసిన ఇళ్లు కూడా అంతే. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వాటి అమ్మకాన్ని అడ్డుకుంటుంది. దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూములన్నీ రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉండాలి. జాబితాలో లేనంత మాత్రాన భూమికి మచ్చ లేదని కాదు, జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రతి గజమూ ప్రభుత్వానిదీ కాదు. పొరపాటున చేరిన సర్వే నంబర్లను తీయించుకోవడానికి జనం హైకోర్టు దాకా వెళ్తున్నారు.

కాగితాలు చదవడం: ఒక ఉదాహరణ

వకీలు చేసే పని ఏమిటో తెలియాలంటే ఒక కల్పిత ఉదాహరణ తీసుకోవచ్చు. జనగామ పట్టణంలో 200 గజాల్లో పెంకుటిల్లు. పెద్ద కొడుకు అమ్ముతున్నాడు. ఇంటి పన్ను అతని పేరు మీదే ఉంది, కరెంటు మీటరూ అతనిదే. ఆన్‌లైన్‌లో తీసిన ఈసీ (రుణభార ధ్రువపత్రం) ‘నిల్’ అని వచ్చింది. మధ్యవర్తి దృష్టిలో ఇంతకన్నా శుభ్రమైన ఆస్తి ఉండదు.

వకీలు మొదట అడిగేది ఈసీ ఏ సంవత్సరం నుంచి అని. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచి ఉన్న వివరాలే చూపిస్తుంది. తండ్రి ఈ ఇల్లు కొన్నది 1978లో. అంటే ‘నిల్’ అన్నది అప్పులు లేవన్న మాట కాదు, 1983 తర్వాత రిజిస్టరైన లావాదేవీ ఏదీ లేదన్న మాట. 1978 దస్తావేజు నకలు తీయాలి. అందులో జిల్లా వరంగల్ అని, తాలూకా అని ఉంటుంది, ఎందుకంటే మండలాలు ఏర్పడింది 1985లో. ఇంటి నంబరు కూడా అప్పటిది. పాత నంబరు, కొత్త నంబరు ఒకే ఇంటివని మున్సిపాలిటీ రికార్డుతో తేల్చాలి. హద్దుల్లో రాసిన పొరుగువాళ్లు చనిపోయి ఉంటారు, వాళ్ల వారసులు ఎవరో పోల్చుకోవాలి. దస్తావేజులో కొలతకూ హద్దులకూ తేడా వస్తే కోర్టులు సాధారణంగా హద్దులకే విలువ ఇస్తాయి. అందుకే వకీలుతో పాటు టేపు పట్టుకున్న మనిషి కూడా స్థలం దగ్గరికి వెళ్లాలి.

ఇక అసలు సంగతి. తండ్రి వీలునామా లేకుండా 2001లో పోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. సొంతంగా కొన్న ఆస్తి కాబట్టి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఆరుగురికీ ఆరో వంతు చొప్పున వస్తుంది. తల్లి 2012లో, ఆమె కూడా వీలునామా లేకుండా, పోయింది. ఆమె వాటా ఐదుగురు పిల్లలకు సమానంగా చేరింది. ఇప్పుడు ఒక్కొక్కరికి ఐదో వంతు. అన్నదమ్ములు 2003లో తెల్లకాగితం మీద పంచుకున్నారు, ఆడపిల్లలు అందులో లేరు. పన్ను రసీదులో పేరు మారింది ఆ కాగితం వల్లే. పన్ను రసీదు యాజమాన్య పత్రం కాదు. పెద్ద కొడుకు ఎంత గట్టిగా దస్తావేజు రాసిచ్చినా కొన్నవాడికి వచ్చేది నలభై గజాల వాటా. ఇరవై ఏళ్లుగా అన్నే ఉంటున్నాడు కదా అంటే సరిపోదు, ఉమ్మడి వారసుల్లో ఒకరు ఇంట్లో ఉన్నంత మాత్రాన మిగతావారి హక్కు పోదు. ఐదుగురూ అమ్మకం దస్తావేజులో కలవాలి, లేదా మిగతా నలుగురు ముందుగా రిజిస్టరైన హక్కు విడుదల పత్రం రాసివ్వాలి. చనిపోయిన కూతురు ఉంటే ఆమె పిల్లలు రావాలి. వాళ్లు మైనర్లయితే వారి వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి.

ఆడపిల్లల సంతకం అడగడం ఇంటి పరువు తీసినట్టుగా భావించే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ‘మా చెల్లెండ్లు ఏమనరు’ అన్న మాట మీద లక్షలు చేతులు మారుతున్నాయి. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్లికాని కూతుళ్లకు వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్లందరికీ ఆ హక్కు ఉంది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కచెల్లెళ్లకు దక్కాల్సిన డబ్బు దక్కేలా చూడడం కొనేవాడి భద్రత కూడా.

ఈసీలో కనబడనివి ఇంకా ఉన్నాయి. రిజిస్టరు కాని ఒప్పందం, వీలునామా, బ్యాంకులో కుదువ పెట్టిన అసలు దస్తావేజు, కోర్టులో నడుస్తున్న దావా. దావా నడుస్తుండగా కొన్నవారు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. 2022 జూన్ 2 నుంచి ఈ మూడు జిల్లాలకూ విడివిడిగా జిల్లా కోర్టులు వచ్చాయి. అంతకుముందు వేసిన కేసుల కోసం ఉమ్మడి జిల్లా కోర్టుల రికార్డు కూడా వెతకాలి. అసలు దస్తావేజు చేతికిచ్చి చూపించమని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. నకలు చూపి అసలు పోయిందన్నచోట, అది బ్యాంకులో తాకట్టులో లేదని తేలేదాకా ఆగాలి.

పల్లెల్లో గ్రామకంఠంలోని, అంటే ఊరి నివాస స్థలంలోని, ఇళ్లకు ఈ పద్ధతి అంతా వర్తించదు. అక్కడ ఒక్కో ఇంటికి వేరే సర్వే నంబరు, పట్టా ఉండవు. పంచాయతీ అసెస్‌మెంటు రిజిస్టరు, ఇంటి నంబరు, యాజమాన్య ధ్రువపత్రం, పాత పన్ను రసీదులు, తరతరాల నివాసం, ఇవే ఆధారాలు. కాగితం తక్కువైనచోట ఇరుగుపొరుగు మాటే పెద్ద సాక్ష్యం. అందుకని వకీలు కూడా ఊళ్లోకి వచ్చి అడగాలి.

బయానా, అగ్రిమెంటు

బయానా ఇచ్చిన రోజు రాసుకునే కాగితం చాలాసార్లు ఒక పేజీ. ధర, ఇచ్చిన సొమ్ము, గడువు, సంతకాలు. ఎవరు తప్పితే ఏమవుతుందో ఉండదు. అప్పు తీర్చి కాగితాలు తెచ్చేది ఎవరో ఉండదు. ఈసీ, కొలత, వారసుల సంతకాలు సరిపోకపోతే బయానా తిరిగి ఇవ్వాలన్న షరతు ఉండదు. వకీలుకు ఇచ్చే ఫీజులో ఎక్కువ ప్రయోజనం ఈ ఒక్క పేజీని మూడు పేజీలు చేయించడంలోనే ఉంది. రాష్ట్రంలో 1999 సవరణ ప్రకారం అమ్మకపు ఒప్పందాన్ని కూడా రిజిస్టరు చేయాలి. చేయనిదాన్ని ఒప్పందం అమలు కోసం వేసే దావాలో సాక్ష్యంగా చూపవచ్చు గానీ అది ఆస్తి మీద హక్కునివ్వదు. గడువు దాటినా, అమ్మేవారు నిరాకరించినా మూడేళ్లలోపు దావా వేయాలి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకుని ఇల్లు కొన్నామనుకునేవారికి 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట గుర్తుండాలి: జీపీఏ, ఒప్పందం, వీలునామా కలిపినా అమ్మకం కాదు.

సొమ్ము బ్యాంకు ద్వారా వెళ్లాలి. స్థిరాస్తి బేరంలో ఇరవై వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ధర యాభై లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు ఒక శాతం మినహాయించి పన్ను శాఖకు కట్టాలి.

అమ్మేవారికి

అమ్మేవారికి వకీలు ఎందుకు అన్న ప్రశ్నకు 2020 జూలైలో వచ్చిన దహీబెన్ కేసు జవాబు. దస్తావేజులో సొమ్ము ముట్టిందని రాసి రిజిస్టరు చేశాక, మొత్తం ధర అందలేదన్న కారణంతో ఆ అమ్మకాన్ని రద్దు చేయలేమని సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ రాబట్టుకోవడానికి వేరే దావా వేసుకోవాలి. ఈ జిల్లాల్లో ముదుసలి తల్లిదండ్రులు చెక్కులు పుచ్చుకుని, అవి మారకముందే వేలిముద్ర వేసి వస్తుంటారు. చెక్కు నంబర్లు, తేదీలు దస్తావేజులో రాయించడం, సొమ్ము ఖాతాలో పడ్డాకే రిజిస్ట్రేషన్‌కు వెళ్లడం, అసలు కాగితాలు అప్పగించినట్టు రసీదు తీసుకోవడం వకీలు చూసుకోవాల్సిన పనులు. 2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలకు దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం. అంతకుముందే కొన్న ఇళ్లకు, స్థలాలకు స్వదేశంలో నివసించేవారు పాత 20 శాతం లెక్కను ధరల సూచీతో కలిపి ఎంచుకోవచ్చు.

అమెరికా, గల్ఫ్ దేశాల్లో ఉన్న పిల్లలు సంతకం చేయాల్సి వస్తే అక్కడి భారత రాయబార కార్యాలయంలోనో నోటరీ ముందో ముక్త్యార్‌నామా రాసి పంపుతారు. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఆ ముక్త్యార్‌లో అమ్మే అధికారం, సొమ్ము తీసుకునే అధికారం విడివిడిగా రాసి ఉన్నాయో లేదో కొనేవారి వకీలు చదవాలి. ప్రవాసులు ఇల్లు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి కొనకూడదు. గుంటల ఫామ్ ప్లాటు వారికి నిషిద్ధమే.

ఎవరి వకీలు

బ్యాంకు రుణం తీసుకుంటే ప్యానెల్ న్యాయవాది లీగల్ ఒపీనియన్ ఇస్తారు. ఫీజు కట్టేది కొనేవారే అయినా ఆ అభిప్రాయం బ్యాంకు సొమ్ము భద్రత కోసం రాసింది. వెంచర్ వాళ్లు చూపించే ఒపీనియన్ వెంచర్ వాళ్లదే. రెండూ పనికొచ్చేవే, కానీ రెండూ కొనేవారి తరఫున రాసినవి కావు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఒక పక్షానికి సలహా ఇచ్చిన న్యాయవాది అదే విషయంలో ఎదుటి పక్షం తరఫున పని చేయకూడదు. కాబట్టి ‘ఇద్దరికీ ఒకే వకీలు’ అన్న సర్దుబాటు ఖర్చు తగ్గించినట్టు కనిపించినా మంచిది కాదు. న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. అందుకే పేరు తెలిసేది నోటిమాట మీదే. తెలంగాణ బార్ కౌన్సిల్‌లో నమోదు సంఖ్య అడగవచ్చు. ఆస్తిలో వాటా ఇస్తే పని చేస్తాననడం, కేసు గెలిస్తేనే ఫీజు అనడం నియమ విరుద్ధం. కాగితాల పరిశీలనకు ఇంత, ఒప్పందం రాయడానికి ఇంత అని ముందే మాట్లాడుకుని, అభిప్రాయాన్ని రాతపూర్వకంగా, ఏయే కాగితాలు చూశారో జాబితాతో సహా తీసుకోవాలి. ‘బాగానే ఉంది, తీసుకో’ అన్న నోటిమాటకు రేపు విలువ ఉండదు.

వకీలు నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం ఇక కుదరదు. న్యాయవాదుల సేవ వినియోగదారుల చట్టం పరిధిలోకి రాదని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఫిర్యాదు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు చేయాలి, నష్టపరిహారానికి సివిల్ కోర్టుకు వెళ్లాలి. ఫీజు ఇచ్చుకోలేనివారికి 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచిత సాయం ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఈ హక్కు ఉంటుంది. కోర్టు కేసుకే కాదు, సలహాకూ వర్తిస్తుంది. మూడు జిల్లా కేంద్రాల్లోని న్యాయ సేవాధికార సంస్థల్లో అడగవచ్చు, 15100 నంబరుకు ఫోను చేసినా సరిపోతుంది. బయానా ఇచ్చాక తగాదా వస్తే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకునే వీలు ఉంది. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు.